రాశుల బల్ల మీద ఉక్కు గుండు - అదృష్టమా, నేర్పా?

పులిజూదంలో ఓడినవాడు తన తెలివిని తిట్టుకుంటాడు. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడినవాడు గవ్వలను తిట్టుకుంటాడు. మొదటిది పూర్తిగా నేర్పు. రెండోది పూర్తిగా అదృష్టం. ఈ రెంటికీ నడుమ ఉన్న ఆటలతోనే చిక్కు. పేకాటలో ముక్కలు పంచేటప్పుడు అదృష్టం, ఏ ముక్క ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకునేటప్పుడు నేర్పు. మరి ఏ పాలు ఎక్కువ?

ఇది రచ్చబండ మీద కాలక్షేపానికి వేసుకునే ప్రశ్న కాదు. దీని మీద కోర్టులు తీర్పులు చెప్పాయి. పోలీసులు దాడులు జరిపారు. ఒక మహానగరంలో మేయరుగారే సమ్మెట పట్టుకుని ఆట యంత్రాలను బద్దలు కొట్టారు. ఆ యంత్రం పేరు పిన్‌బాల్. దాని కథ తెలుసుకుంటే మన ఊళ్ళలో పందెం ఆటల మీద జరిగే వాదన కూడా కొంత తేటపడుతుంది.

అమెరికాలోని చికాగో నగరం ఈ యంత్రాలకు పుట్టిల్లు. అక్కడి గాట్లీబ్ కంపెనీ 1970లో ‘ఎక్వేరియస్’ అనే పిన్‌బాల్ యంత్రాన్ని తయారుచేసింది. ఎక్వేరియస్ అంటే మన కుంభరాశి. మరుసటి సంవత్సరం, 1971లో, విలియమ్స్ కంపెనీ ‘జోడియాక్’ పేరుతో ఇంకొకటి విడుదల చేసింది. జోడియాక్ అంటే రాశిచక్రం. ఒకప్పుడు మన రైల్వే స్టేషన్లలో నాణెం వేస్తే బరువుతోపాటు జాతకం కూడా అచ్చువేసిన చీటీ ఇచ్చే యంత్రాలు ఉండేవి. ఈ రాశుల యంత్రాలు అలాంటివి కావు. ఇవి జాతకం చెప్పవు. నాణెం వేసినవాడి చేతికి ఒక ఉక్కు గుండు ఇచ్చి, ‘ఇక నీ సంగతి నువ్వు చూసుకో’ అంటాయి.

రాశుల మోజు

ఆట యంత్రానికి రాశి పేరు ఎందుకు పెట్టారనే సందేహం కలుగక మానదు. ఆ కాలంలో అమెరికాలో జ్యోతిషం మోజు ముమ్మరంగా ఉండేది. లిండా గుడ్‌మన్ అనే రచయిత్రి 1968లో రాశుల మీద రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. అదే ఏడాది న్యూయార్కులోని బ్రాడ్వే రంగస్థలానికి వచ్చిన ‘హెయిర్’ అనే సంగీత నాటకంలో, కుంభరాశి యుగం వస్తోందనే పాట ఉంది. 1969లో ఆ పాట దేశమంతటా మారుమోగింది. కొత్తగా పరిచయమైన కుర్రకారు ‘నీదే రాశి?’ అని అడగడం మర్యాదగా మారింది. ఏది మోజయితే దాన్ని బొమ్మ వేసి అమ్ముకోవడం పిన్‌బాల్ కంపెనీల అలవాటు. పేకముక్కలు, గుర్రప్పందేలు, అంతరిక్ష నౌకలు అన్నీ ఆ అద్దాల మీదకు ఎక్కాయి. రాశుల వంతూ వచ్చింది.

వారి రాశులకూ మన రాశులకూ పేర్లు ఒకటే అయినా లెక్క వేరు. మనకు రాశి అంటే పుట్టిన వేళకు చంద్రుడున్న రాశి. నక్షత్రం, పాదం తెలిస్తేగాని అది తేలదు. వారికి రాశి అంటే సూర్యుడున్న రాశి. పుట్టిన తేదీ తెలిస్తే చాలు. ఇంకొక తేడా కూడా ఉంది. మన పంచాంగం ప్రకారం సూర్యుడు మకరంలో ప్రవేశించేది జనవరి నడిమిన, సంక్రాంతినాడు. వారి లెక్కలో డిసెంబరు 22 ప్రాంతంలోనే ప్రవేశిస్తాడు. సుమారు 24 డిగ్రీల ఈ ఎడాన్నే పండితులు అయనాంశ అంటారు.

కాబట్టి ఫిబ్రవరి 1న పుట్టిన బిడ్డ వారి లెక్కలో కుంభరాశి. మన లెక్కలో ఆనాడు సూర్యుడు ఇంకా మకరంలోనే ఉంటాడు. బిడ్డ జన్మరాశి మాత్రం చంద్రుణ్ణి బట్టి పన్నెండింటిలో ఏదైనా కావచ్చు. ఒకే మనిషికి రెండు దేశాల్లో రెండు రాశులన్నమాట! యంత్రానికి ఈ తగవుతో పనిలేదు. అద్దం మీది రాశి బొమ్మలకూ, లోపలి తీగలకూ సంబంధం లేదు. మేషరాశివాడు ఆడినా మీనరాశివాడు ఆడినా గుండు ఒకేలా దొర్లుతుంది.

బల్ల మీద ఏముంటుంది?

నాలుగు కాళ్ళ మీద నడుము ఎత్తున నిలిచే పొడవాటి చెక్క పెట్టె. పైన అద్దం మూత. అద్దం కింద సుమారు మూడున్నర అడుగుల పొడవున్న రంగుల బల్ల, ఆడేవాడి వైపు కొద్దిగా వాలి ఉంటుంది. పెట్టెకు అవతలి చివర నిలువుగా ఇంకొక పెట్టె. దాని ముఖాన బొమ్మల అద్దం. బొమ్మ వెనుక చిన్న చిన్న బల్బులు. మొత్తం ఎన్ని పాయింట్లు వచ్చాయో చూపే అంకెల చక్రాలు కూడా అక్కడే కనబడతాయి.

గుండు పెద్ద గోళీ అంత ఉంటుంది. అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, బరువు సుమారు 80 గ్రాములు. కుడివైపున్న స్ప్రింగు కడ్డీని లాగి వదిలితే గుండు బల్ల పైకొసకు దూసుకుపోతుంది. అక్కడి నుంచి వాలు వెంట కిందికి దొర్లుతూ, పుట్టగొడుగుల్లా ఉండే బంపర్లకు తగులుతుంది. అవి దాన్ని ఎగరతంతాయి. తగిలిన ప్రతిసారీ గంట మోగుతుంది, అంకె పెరుగుతుంది. అడుగున ఒక సందు ఉంటుంది. గుండు అందులో పడితే ఆ గుండుతో ఆట అయిపోయినట్టే.

పడకుండా కాపాడుకోవడానికి ఆడేవాడి చేతిలో ఉన్నవి రెండే ఆయుధాలు. పెట్టెకు ఇరుపక్కలా ఒక్కొక్క బొత్తాం ఉంటుంది. నొక్కితే అడుగున ‘ఫ్లిప్పర్లు’ అనే రెండు పొట్టి రెక్కలు లేచి గుండును పైకి కొడతాయి. ఎప్పుడు నొక్కాలన్నదే విద్య. రెక్క మొదట్లో గుండు తగిలితే ఒక దారి, కొసన తగిలితే ఇంకొక దారి. క్యారమ్స్‌లో స్ట్రైకరు ఎక్కడ తగిలితే కాయ ఎటు పోతుందో లెక్క కట్టే కుర్రవాడికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. తేడా ఒక్కటే. క్యారమ్స్ కాయ కదలకుండా కూర్చుని ఉంటుంది. ఇక్కడ గుండు ఆగదు.

పొలం మోటారు స్టార్టరు లాంటిదే

ఈ యంత్రాల లోపల కంప్యూటరు లేదు. అయినా లెక్క తప్పవు. ఎలాగంటే, పొలంలో మోటారు స్టార్టరును తలచుకోండి. పచ్చ బొత్తాం నొక్కగానే లోపలి కాయిల్‌కు కరెంటు అంది అది అయస్కాంతం అవుతుంది. ఇనుప పలకను ‘టక్’మని లాగుతుంది. పలకతో పాటు పాయింట్లు కలుస్తాయి. వేలు తీసేసినా కాయిల్ పట్టు వదలదు. కరెంటు పోతేనో, ఎర్ర బొత్తాం నొక్కితేనో వదులుతుంది. ఒక చిన్న కరెంటు ఇంకొక పెద్ద కరెంటును నడిపిస్తుంది. పాయింటు కలిసి ఉండటమే ‘జ్ఞాపకం’. ఇలాంటి చిన్న చిన్న రిలేలు పదుల సంఖ్యలో వరసగా కూర్చితే పిన్‌బాల్ యంత్రం మెదడు తయారవుతుంది. ఫలానా గురికి గుండు తగిలిందా లేదా అన్నది ఒక రిలే గుర్తుపెట్టుకుంటుంది.

అంకెల చక్రాలు పాతకాలపు కరెంటు మీటరులో తిరిగే అంకెల వంటివి. ప్రతి చక్రం మీద 0 నుంచి 9 దాకా ఉంటాయి. కాయిల్ ఒకసారి లాగితే చక్రం ఒక అంకె జరుగుతుంది. 9 దాటి 0కు వచ్చేటప్పుడు పక్క చక్రాన్ని ఒక అడుగు కదిలిస్తుంది. ఒకేసారి 500 పాయింట్లు రావాలంటే వందల చక్రం అయిదుసార్లు కదలాలి. ఆ పని ఒక చిన్న మోటారుది. అది తిప్పే పలకల గాట్లు స్విచ్చిని వరసగా అయిదుసార్లు తాకుతాయి. ఆ యంత్రం పక్కన నిలబడితే వినిపించే ‘టకటకటకటకటక’ చప్పుడు అదే.

రెక్కల కాయిల్‌లో ఇంకొక తమాషా ఉంది. బస్తా పైకెత్తడానికి ఒక్క ఊపు కావాలి. భుజాన వేసుకున్నాక అంత ఊపు అక్కరలేదు. అలాగే కాయిల్‌కు రెండు చుట్లు ఉంటాయి. రెక్క లేచేటప్పుడు బలమైన చుట్టు పనిచేస్తుంది. పూర్తిగా లేచాక ఒక చిన్న స్విచ్చి తెరుచుకుని, బలం తక్కువ చుట్టు మాత్రం దాన్ని పట్టి ఉంచుతుంది. లేకపోతే కాయిల్ కాలిపోతుంది.

పెట్టెను ఎత్తి కుదిపి గుండును తమకు కావలసిన వైపు మళ్ళించుకుందామనుకునే వారికీ మందు ఉంది. లోపల ఒక ఉంగరం నడుమ, తాపీమేస్త్రీ తూకపుగుండులా ఒక చిన్న బరువు వేలాడుతూ ఉంటుంది. పెట్టె మరీ ఊగితే బరువు ఉంగరానికి తగులుతుంది. వెంటనే ‘టిల్ట్’ అని దీపం వెలిగి రెక్కలు చచ్చుబడతాయి. హారీ విలియమ్స్ అనే రూపకర్త 1930 దశకంలో ఈ కాపలాను కనిపెట్టాడు. కొద్దిగా తట్టడం మాత్రం ఆటలో భాగమే. ఎంత తట్టాలో తెలియడం కూడా నేర్పే.

ఆట ముగిశాక చిట్టచివర ఒక అంకె వెలుగుతుంది. మీ పాయింట్ల చివరి అంకెతో అది కలిస్తే, పెట్టె లోపల ఒక కడ్డీ చెక్కను ‘ఠక్’మని కొడుతుంది. ఒక ఆట ఉచితం. నిఖార్సైన అదృష్టం ఏదైనా ఈ యంత్రంలో ఉంటే అది ఇక్కడే.

మేయరుగారి సమ్మెట

ఆట పుట్టింది యంత్రంగా కాదు. ఫ్రాన్సు రాజుల కాలంలో మేకులు కొట్టిన బల్ల మీద గుండ్లు దొర్లించే ఆట ఉండేది. పిన్ అంటే మేకు. ఆ మేకులే ఈ పేరుకు మూలం. 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన అమెరికాలోని సిన్సినాటి నగరంలో స్ప్రింగు కడ్డీకి పేటెంటు పొందాడు. 1931లో డేవిడ్ గాట్లీబ్ ‘బాఫిల్ బాల్’ అనే చిన్న బల్లను పదిహేడున్నర డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. అప్పుడు అమెరికాలో ఆర్థిక మాంద్యం. పనులు లేవు. ఒక్క సెంటుకు కాసేపు బాధ మరిచే ఆట దొరికింది. 50,000కు పైగా బల్లలు అమ్ముడుపోయాయి.

అయితే ఆ బల్లలకు రెక్కలు లేవు. గుండును వదలడం వరకే మనిషి పని. ఆ తర్వాత మేకులు ఎటు తోస్తే అటు పోవలసిందే. కొన్ని యంత్రాలు గెలిచినవాడికి డబ్బులు కూడా కక్కేవి. కొట్టువాడు చాటుగా బహుమతులిచ్చే పద్ధతీ ఉండేది. రౌడీ ముఠాల చేయి పడింది. న్యూయార్కు మేయరు ఫియొరెల్లో లా గార్డియా దీని మీద కత్తి కట్టారు. బడిపిల్లల జేబుల్లో చిల్లర దోచుకుంటున్నారన్నది ఆయన ఆరోపణ. 1942 జనవరిలో ఆ నగరంలో పిన్‌బాల్‌ను నిషేధించారు. వేల యంత్రాలు పోలీసుల పాలయ్యాయి. మేయరుగారు సమ్మెటతో వాటిని పగలగొడుతున్న ఛాయాచిత్రాలు పత్రికలకెక్కాయి. లాస్ ఏంజెలిస్‌లో 1939 నుంచే నిషేధం ఉంది. వింత ఏమిటంటే, దేశానికంతటికీ యంత్రాలు చేసి పంపే చికాగోలోనూ 1970 దశకం నడుమ దాకా వాటిని ఆడటం నేరమే.

మేయరుగారిది తప్పని తోసిపుచ్చలేం. ఆయన పగలగొట్టిన యంత్రాలు నిజంగానే అదృష్టం యంత్రాలు. కాని లా గార్డియా కన్నుమూసిన 1947లోనే గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ అనే యంత్రంతో విద్యుత్తు రెక్కలను ప్రవేశపెట్టింది. దాని మీద ఒక్కో పక్కన మూడేసి చొప్పున ఆరు రెక్కలు. పడిపోయే గుండును మళ్ళీ పైకి పంపే అవకాశం మనిషికి మొదటిసారి వచ్చింది. యంత్రం మారింది. చట్టం మారలేదు. ఉచిత ఆట కూడా జూదపు బహుమతే అన్న ఊళ్ళ కోసం, 1960లో గాట్లీబ్ కంపెనీ ఉచిత ఆటకు బదులు అదనపు గుండు ఇచ్చే పద్ధతి కనిపెట్టింది. ‘ఎక్వేరియస్’, ‘జోడియాక్’ మార్కెట్లోకి వచ్చేనాటికి కూడా న్యూయార్కులో నిషేధం సాగుతూనే ఉంది.

మధ్య సందులోంచి పోతుంది చూడండి

1974లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు లాస్ ఏంజెలిస్ నిషేధాన్ని కొట్టేసింది. 1976 ఏప్రిల్‌లో న్యూయార్కు నగర పాలక సంఘం ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. రోజర్ షార్ప్ అనే యువ పత్రికా రచయితను ఆట యంత్రాల సంఘంవారు సాక్షిగా పిలిపించారు. సభలో రెండు యంత్రాలు పెట్టారు. ఒకటి ఆడటానికి, రెండోది అది చెడిపోతే పనికొస్తుందని. ముందే ఏదో మాయ చేసి ఉంటారని అనుమానించిన ఒక సభ్యుడు రెండో యంత్రం మీదే ఆడాలని పట్టుబట్టాడు.

షార్ప్ ఆడాడు. రెక్కలతో గుండును తాను చెప్పిన చోటికి కొట్టి చూపించాడు. సభ్యులకు అంతగా నమ్మకం కుదరలేదు. అప్పుడు అతను స్ప్రింగు కడ్డీని పట్టుకుని, ఈసారి గుండు పైనున్న నడిమి సందులోంచి దిగుతుందని ముందుగానే చెప్పాడు. కడ్డీని లాగి వదిలాడు. గుండు పైకి వెళ్ళి, అటు తగిలి ఇటు తగిలి, సరిగ్గా నడిమి సందులోంచి దిగింది. సభ్యులకు ఇక వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. 34 ఏళ్ళ నిషేధం ఆ సంవత్సరమే తొలగింది.

ఈ కథలో అసలు మెలిక ఇకముందుంది. ఆ చివరి దెబ్బలో అదృష్టం కూడా కలిసివచ్చిందని తర్వాతి కాలంలో షార్పే ఒప్పుకున్నాడు. ఇది నేర్పుతో కూడిన ఆట అని రుజువు చేసిన దెబ్బలోనే అదృష్టం పాలు ఉందన్నమాట! అయితే అది తప్పుడు సాక్ష్యమా? కాదు. కడ్డీని ఎంత లాగాలో చేతికి తెలియనివాడు ఆ మాట అనడానికే సాహసించడు. దైవం, పురుషకారం రెండూ కలిస్తేనే బండి నడుస్తుందని మన పెద్దలు చెప్పే మాట ఇదే.

సికింద్రాబాదు పేకాట కేసు

ఇలాంటి తగవు మన సుప్రీంకోర్టుకూ వచ్చింది. వచ్చింది మన రాష్ట్రం నుంచే. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారి మీద కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది. హైకోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదు. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో ఆలోచించాలి. కాబట్టి అందులో నేర్పు పాలే ఎక్కువ అని న్యాయస్థానం చెప్పింది.

అదే తీర్పులో రెండో మాట కూడా ఉంది. దాన్ని చాలామంది మరిచిపోతారు. పందేలు కాయించి, ఆ జూదం మీద ఇంటి యజమాని లాభం గడిస్తున్నాడని రుజువైతే మాత్రం అది నేరం కావచ్చునని న్యాయస్థానం హెచ్చరించింది. అంటే ఆటలో నేర్పు ఎంత అని అడిగితే సరిపోదు. డబ్బు చివరికి ఎవరి పెట్టెలో పడుతోందని కూడా అడగాలి.

పేకముక్కలు ఫోనులోకి వచ్చాక ఈ రెండో ప్రశ్నే పెద్దదైంది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమయితే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో నేర్పా అదృష్టమా అన్న తేడానే చూడలేదు.

పోలిక పెట్టి చూడండి. రాశుల పిన్‌బాల్ యంత్రం ఒక నాణెం మింగితే అంతకు మించి మింగదు. గెలిచినవాడికి ఇంకొక ఆట ఇస్తుందే గాని డబ్బు ఆశ పెట్టదు. గుండు పడిపోతే ఎందుకు పడిందో కళ్ళెదుటే అద్దం కింద కనబడుతుంది. ఫోనులో ముక్కలు ఎవరు పంచుతున్నారో ఆడేవాడికి కనబడదు. ఎక్కడ ఆగాలో చెప్పే ‘టిల్ట్’ దీపం అక్కడ వెలగదు. పంట సొమ్ము పోయినా, పెళ్ళికి దాచిన సొమ్ము పోయినా ‘ఇంకొక్క ఆట’ అంటూనే ఉంటుంది.

ఆకురాయి చాలు

1977 తర్వాత రెండు మూడేళ్ళలో రిలేల యంత్రాల కాలం చెల్లింది. వాటి స్థానంలో కంప్యూటరు చిప్పులు వచ్చాయి. అంకెల చక్రాలు పోయి వెలుగు అంకెలు వచ్చాయి. గంటల బదులు ఎలక్ట్రానిక్ మోతలు వచ్చాయి. గాట్లీబ్ పేరుతో యంత్రాల తయారీ 1996లో ఆగింది. విలియమ్స్ కంపెనీ 1999లో పిన్‌బాల్ చేయడం మానుకుంది.

అయినా పాత యంత్రాలు చావలేదు. జూదశాలలకు పేరుపడ్డ లాస్ వేగాస్ నగరంలోనే 2006లో ఒక పిన్‌బాల్ ప్రదర్శనశాల తెరిచారు. అక్కడ పాత యంత్రాలను చూడటమే కాదు, నాణెం వేసి ఆడవచ్చు. పాత రిలేల యంత్రం ఇంట్లో పెట్టుకుని బాగుచేసుకునేవారు అనేక దేశాల్లో ఉన్నారు. జబ్బు చాలామటుకు ఒక్కటే. పాయింట్లకు మసి పడుతుంది, రేకు వంగుతుంది. సన్నని ఆకురాయితో ఒకటి రెండుసార్లు రుద్ది, రేకును కాస్త సరిచేస్తే యంత్రం మళ్ళీ పలుకుతుంది. స్టార్టరు పాయింట్లు గీకి మోటారు ఆడించే మన ఊరి మెకానిక్కుకు ఈ పని కొత్త కాదు.

ఆ అద్దం మీద రాశులు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. వెలుగుతున్నది ఆరు వోల్టుల బల్బులతో. గుండును పడకుండా ఆపేది మాత్రం రెండు బొత్తాల మీద ఉన్న రెండు వేళ్ళు. ఏ ఆటకైనా కూర్చునే ముందు అడగవలసిన ప్రశ్నలు రెండే. నా చేతిలో ఉన్నదెంత? నా నాణెం పోయేదెక్కడికి? ఈ రెంటికీ జవాబు కనబడని ఆటకు దూరంగా ఉండటమే మంచిది.